విత్తన శుద్ధి: పట్ట, కుండ, డ్రమ్ము, మెషిన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం విత్తన శుద్ధి గురించే. "అన్నా, కిలోకి ఎంత మందు?" అని అడుగుతారు, చెప్పగానే పెట్టేస్తారు. కిలోకి ఎంతో డబ్బా మీద కూడా ఉంటుంది. దేంట్లో కలపాలి, ఎన్ని నీళ్లు పోయాలి, ఎప్పుడు ఆపాలి అని అడిగేవాళ్లు తక్కువ. పని చెడేది మాత్రం అక్కడే. నేను తిరిగేది ఎక్కువగా అనంతపురం, కదిరి వైపు కాబట్టి ఇందులో శెనక్కాయ (వేరుశనగ) మాటే ఎక్కువ. మిగతా పంటలు అవసరమైన చోట వస్తాయి.

విత్తన శుద్ధి అంటే విత్తనాన్ని శుభ్రం చేయడమేనా?

పేరు వింటే అలాగే అనిపిస్తుంది. తాలు, పుల్లలు, పగిలిన గింజలు ఏరేయడం మొదటి మెట్టు. అసలు పని ఆ తర్వాతది: గింజ చుట్టూ మందునో, మేలు చేసే సూక్ష్మజీవులనో పల్చగా పట్టించడం. గింజ మీద, గింజ లోపల, నేలలో ఉండే బూజు మొలకను తినేయకుండా కాపాడటానికి ఒక రకం మందు, మొదటి రెండు మూడు వారాలు రసం పీల్చే పురుగులను ఆపడానికి ఇంకో రకం. మొక్క పెద్దదయ్యాక వచ్చే తెగుళ్లకి దీన్ని నమ్ముకోకూడదు. గింజకి పట్టిన కొంచెం మందు అప్పటికి ఖర్చయిపోయి ఉంటుంది.

మోతాదు తెలుసు. పట్ట మీద పోసి చేత్తో కలిపేస్తే సరిపోదా?

ఒక లెక్క చూడండి. కదిరి-6 రకం శెనక్కాయ పప్పు కిలోకి సుమారు 2,500 గింజలు తూగుతాయి. కిలోకి 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు అంటే ఒక్కో గింజకి 1 మిల్లీగ్రాము కన్నా కాస్త ఎక్కువ. అదే బీపీటీ 5204 రకం వడ్లయితే కిలోకి దాదాపు 70 వేల గింజలు. అక్కడ ఒక్కో గింజ వాటా కంటికి కూడా ఆనదు. చిటికెడు మందు అన్ని వేల గింజలకి సమానంగా పంచాలి. పట్ట మీద పోసి పైపైన నాలుగు సార్లు తిప్పితే పైనున్న గింజలకి రెట్టింపు పడుతుంది, అడుగున ఉన్నవాటికి ఏమీ పడదు. ఎక్కువ పడిన గింజ మొలక కుంటుపడుతుంది. పడనిది మొదలు కుళ్ళుకి పోతుంది. రైతేమో "మోతాదు ప్రకారమే వేశాను, మందే మంచిది కాదు" అంటాడు.

మోతాదు అంతా కలిపి వేసే లెక్క, పూత ఒక్కో గింజ లెక్క. ఈ కింద చెప్పే సామాన్లన్నీ ఆ రెండో లెక్క కోసమే.

ఇంట్లో ఏ సామాను ఉంటే చాలు?

5, 10 కిలోల వరకు మందపాటి పాలిథీన్ పట్ట చాలు. గింజల్ని కుప్పగా కాకుండా పల్చగా పరిచి, మందు మూడు విడతల్లో చల్లాలి. ఇద్దరు మనుషులు పట్ట మూలలు పట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు ఎత్తి దొర్లించాలి. గింజలు దొర్లితేనే పూత పడుతుంది, గీరితే పడదు.

మా తాతల నాడు మట్టికుండ వాడేవారు. సగం వరకు విత్తనం, పైన మందు, మూతికి గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుని ఊపడమే. పొడి మందుకి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆ కుండని తర్వాత వంటింటికి తీసుకుపోకూడదు. ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది కానీ, మందు కలిపిన బకెట్టునే పశువులకి కుడితి పెట్టడానికి వాడిన ఇళ్లు నేను చూశాను.

ఎకరాకి 60, 70 కిలోల పప్పు పడే శెనక్కాయకి మాత్రం డ్రమ్ము ఉండాల్సిందే. నాలుగెకరాల విత్తనాన్ని పట్ట మీద కలపడం మొదలుపెడితే రెండో గంటకి నడుము పడిపోతుంది, ఆ తర్వాత కలిపేదంతా మొక్కుబడే.

డ్రమ్ము సొంతంగా చేయించుకోవచ్చా?

భేషుగ్గా. వెల్డింగ్ షాపులో ఒక పూట పని. 100 లీటర్ల ప్లాస్టిక్ లేదా రేకు డ్రమ్ము, దాని గుండా పోయే ఇనుప గొట్టం, రెండు వైపులా నిలబెట్టే కాళ్లు, ఒక చేతి పిడి, గట్టిగా బిగిసే మూత. ఇందులో కిటుకంతా గొట్టం పెట్టే చోటులో ఉంది. డ్రమ్ము అడుగు మధ్య నుంచి మూత మధ్యకి తిన్నగా పెడితే గింజలు గుండ్రంగా మాత్రమే తిరుగుతాయి, ఈ కొసనున్నవి ఆ కొసకి చేరవు. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా పెడితే, తిప్పినప్పుడల్లా గింజలు ముందుకీ వెనక్కీ కూడా జారుతాయి. అదే తేడా.

సగం దాటి నింపకండి. 100 లీటర్ల డ్రమ్ములో 25, 30 కిలోల పప్పు చాలు. ఖాళీ లేకపోతే గింజ దొర్లదు. తిప్పే వేగం నిమిషానికి 25, 30 చుట్లు. వేగంగా తిప్పితే తొందరగా అయిపోతుందనుకుని కుర్రాళ్లు గిరగిరా తిప్పుతారు. అప్పుడు గింజలు గోడకి అతుక్కుని డ్రమ్ముతో పాటే తిరుగుతాయి, ఒకదాని మీద ఒకటి పడవు. లోపల "జలజల" మని చప్పుడు వినిపిస్తుండాలి. చప్పుడు ఆగిందంటే వేగం ఎక్కువైందన్నమాట. పొడి మందుకి మూడు నాలుగు నిమిషాలు, ద్రవానికి రంగు సమంగా కనిపించేదాకా.

లోపల గింజల్ని కలియబెట్టడానికి రేకు ముక్కలు వెల్డింగ్ చేయించేవాళ్లున్నారు. మొక్కజొన్నకి ఫర్వాలేదు. శెనక్కాయ పప్పుకి వద్దు, ఎర్రపొర చీరుకుపోతుంది.

ఇల్లు కట్టేటప్పుడు వాడే కాంక్రీట్ మిల్లర్‌లో కలపొచ్చా?

వడ్లు, మొక్కజొన్న, శనగలకి కొందరు వాడుతున్నారు, పూత కూడా బాగానే పడుతుంది. ముందు లోపలి సిమెంటు పెచ్చులన్నీ గీకి కడిగించాలి, తర్వాత మందు పోయేలా మళ్లీ కడగాలి. శెనక్కాయకి మాత్రం నేను వద్దంటాను. లోపలి రెక్కలు పప్పుని రెండు బద్దలు చేస్తాయి. బద్దయిన పప్పు ఎంత మందు పూసినా మొలవదు.

పొడి మందు మంచిదా, ద్రవ మందా? నీళ్లు ఎన్ని కలపాలి?

డబ్బా మీద మందు పేరు పక్కన ఉండే అక్షరాలు చూడండి. డీఎస్ అంటే పొడిగా పట్టించేది. డబ్ల్యూఎస్ అంటే కొద్ది నీళ్లలో జావలా కలిపి పట్టించేది. ఎఫ్ఎస్ అంటే చిక్కటి ద్రవం, అందులో రంగు, అతుక్కునే జిగురు కూడా ఉంటాయి. ఈ మూడూ విత్తనం కోసమే చేసినవి. పొడికి సామాను పెద్దగా అక్కర్లేదు కానీ దుమ్ము లేస్తుంది, సగం గాలికి పోతుంది, కలిపేవాడి ముక్కులోకీ పోతుంది. ద్రవం గింజని పట్టుకుని ఉంటుంది కానీ ఆరబెట్టాలి.

నీళ్ల విషయంలో నా లెక్క ఒకటే: మందు, నీళ్లు అన్నీ కలిపి కిలోకి 10 మిల్లీలీటర్లు దాటకూడదు. 10 మిల్లీలీటర్లంటే గింజ బరువులో 1 శాతం తేమ పెరిగినట్టు. అంతకు మించితే గింజ ఉబ్బడం మొదలవుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఆ ఉబ్బి ముడవడంలోనే శెనక్కాయ ఎర్రపొర ఊడిపోతుంది. నేను ఈ పని మొదలుపెట్టిన ఏడాది, బాగా పడుతుంది కదా అని మగ్గుతో నీళ్లు పోశాను. సాయంత్రానికి పట్ట నిండా ఎర్రపొట్టు, తెల్లపప్పు. ఆ చేలో సాళ్లు పళ్లూడిన దువ్వెనలా మొలిచాయి. మా నాన్న ఏమీ అనలేదు, మర్నాడు బజారుకి పోయి ఒక కొలగ్లాసు కొనుక్కొచ్చి చేతిలో పెట్టాడు.

వేరుశనగకి ఏ మందులు, ఎంతెంత?

సాధారణంగా సిఫారసు చేసేవి ఇవి. మొదలు కుళ్ళు, కాండం కుళ్ళు తెగుళ్లకి కిలో పప్పుకి మాంకోజెబ్ 3 గ్రాములు గానీ, టెబ్యుకొనజోల్ 2 డీఎస్ 1 గ్రాము గానీ. రసం పీల్చే పురుగులకి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్ 2 మిల్లీలీటర్లు. వేరుపురుగు ఉన్న ఎర్ర నేలల్లో క్లోరిపైరిఫాస్ 6.5 మిల్లీలీటర్లు. ఒక్కో బెడదకి ఒకటే మందు, రెండూ ఉన్నాయి కదా అని రెండూ వేయొద్దు. కొనే ముందు డబ్బా మీది లేబుల్‌లో ఆ పంట పేరు, విత్తన శుద్ధి అన్న మాట ఉన్నాయో లేదో చూసుకోండి. సిఫారసులు మారుతుంటాయి, రైతు సేవా కేంద్రంలోనో కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే)లోనో ఒక మాట అడిగితే పోయేదేం లేదు.

ఇమిడాక్లోప్రిడ్ సంగతి ఇంకాస్త చెప్పాలి. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చి 2 లక్షల హెక్టార్లకి పైగా పంటని పట్టేసింది. లేత మొక్కలు కొసల నుంచి నల్లగా మాడిపోయాయి. అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వచ్చి లేత ఆకుని గీకుతాయి. గీకిన చోట వైరస్ లోపలికి పోతుంది. మొక్క ఎంత లేతగా ఉంటే అంత ప్రమాదం, అందుకే మందు గింజతోనే వెళ్లాలి. ఆకులొచ్చాక పిచికారీ చేద్దాంలే అని కూర్చుంటే ఆలస్యమైపోతుంది. మందుతో పాటు గట్ల మీద వయ్యారిభామని పూతకి రాకముందే పీకేస్తేనే ఈ ఖర్చుకి ఫలితం.

రెండు మూడు మందులు పట్టించాలంటే ఏది ముందు?

దీని మీద ఊళ్లలో పెద్ద వాదనే ఉంది. ఒకరు "ఎఫ్ఐఆర్ గుర్తుపెట్టుకో" అంటారు: ముందు ఫంగిసైడ్ (తెగులు మందు), తర్వాత ఇన్సెక్టిసైడ్ (పురుగు మందు), ఆఖరికి రైజోబియం (వేర్లకి నత్రజని పట్టించే బ్యాక్టీరియా). మన దగ్గర శెనక్కాయకి చెప్పేది మాత్రం తరచుగా తిరగేసి ఉంటుంది: ముందు పురుగు మందు, ఆరాక తెగులు మందు, ఆఖరికి రైజోబియం. రెండూ విన్న రైతు తల పట్టుకుంటాడు.

నేను చూసేది మందు ఏ రూపంలో ఉందన్నది. ద్రవం ముందు, పొడి తర్వాత. పొడి పూసి దాని మీద ద్రవం పోస్తే పొడి కాస్తా కరిగి ముద్దలు కడుతుంది. మన దగ్గర పురుగు మందు ద్రవంగా, తెగులు మందు పొడిగా దొరుకుతుంది కాబట్టి పురుగు మందే ముందు వస్తుంది. రెండూ ద్రవాలైతే తెగులు మందు ముందు వేసినా నష్టం లేదు. ఒకటి నీడలో ఆరాకే ఇంకొకటి.

ఆఖరికి ఏది అన్నదాంట్లో మాత్రం వాదన లేదు. రైజోబియం ప్రాణమున్నది, అదే చివర. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారాక 200 గ్రాముల పొట్లం కలిపి గింజలకి పట్టించాలి. "పూర్తిగా చల్లారాక" అన్నది మర్చిపోతే బ్యాక్టీరియాని ఉడకబెట్టినట్టే. తెగులు మందు వేసిన గింజకైతే పొట్లం మోతాదు కాస్త పెంచి, విత్తే గంట ముందు పట్టించండి.

ట్రైకోడెర్మా, కార్బెండజిమ్ కలిపి వాడొచ్చా?

వద్దు. ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంధ్రమే. శిలీంధ్రాన్ని చంపే మందులో దాన్ని కలపడం దేనికి? కంది, శనగ ఎండు తెగులుకి ట్రైకోడెర్మా వాడాలనుకుంటే కిలోకి 10 గ్రాములు ఒక్కటే పట్టించండి. రసాయన మందు తప్పదనుకుంటే ట్రైకోడెర్మాని నేలకి ఇవ్వండి: 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, గోనెలు కప్పి వారం పది రోజులు నీడలో ఉంచితే కుప్ప మీద తెల్లగా, పచ్చగా బూజు కనిపిస్తుంది. దాన్ని ఆఖరి దుక్కిలో చల్లుకోవాలి.

వరికి కూడా డ్రమ్ము కావాలా?

మెట్ట నారుమడి పోసేవాళ్లకే. వాళ్లు కిలోకి 3 గ్రాముల కార్బెండజిమ్ పొడిని పట్టించి పొడి విత్తనమే చల్లుతారు. దంప (బురద చేసిన) నారుమడికి బకెట్టు, గోనెసంచి చాలు. లీటరు నీళ్లకి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి, కిలో విత్తనానికి లీటరు చొప్పున 24 గంటలు నానబెట్టి, తర్వాత 24 గంటలు మండె కట్టాలి, అంటే తడి గోనెలో కప్పి మొలకెత్తించాలి. నీళ్లు గింజ లోపలికి పోతూ మందుని కూడా తీసుకుపోతాయి కాబట్టి పూత సమంగా పడిందా అన్న టెన్షన్ ఉండదు.

తాలు తేల్చడానికి ఉప్పునీళ్లు వాడేవాళ్లు కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలుపుతారు. తేలిన వడ్లు తీసేసి, మునిగినవాటిని మంచినీళ్లతో రెండు సార్లు కడిగాకే మందు నీళ్లలో వేయాలి.

మిరప, మొక్కజొన్న, చెరకు సంగతి?

మిరపలో విత్తనం ద్వారా వచ్చే వైరస్‌కి లీటరు నీళ్లలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి, కిలో గింజల్ని 20 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి నీడలో ఆరబెట్టడం పద్ధతి. 20 నిమిషాలంటే 20 నిమిషాలే, టీ తాగొచ్చేలోపు అవుతుందిలే అనుకోకండి. మొక్కజొన్నకి 2018లో కత్తెర పురుగు వచ్చినప్పటి నుంచి సయాంట్రానిలిప్రోల్, థయామెథాక్సామ్ కలిసిన మందుని కిలోకి 4 మిల్లీలీటర్లు పట్టిస్తున్నారు. మొదటి రెండు మూడు వారాలే కాపు కాస్తుంది, ఆ తర్వాత ఆకు సుడిలో పురుగుందేమో చూసుకోవాల్సిందే. చెరకు ముచ్చెలకి (నాటే ముక్కలకి) మందుకన్నా వేడి ముఖ్యం: గడ్డిదుబ్బు తెగులున్న తోటల విత్తనాన్ని 52 డిగ్రీల నీళ్లలో 30 నిమిషాలు ఉంచుతారు. ఇది ఇంట్లో కాగులో చేసే పని కాదు, వేడి నిలకడగా ఉంచే తొట్టి కావాలి. రెండు మూడు డిగ్రీలు పెరిగితే కన్ను చస్తుంది, తగ్గితే తెగులు బతుకుతుంది.

పత్తి విత్తనం రంగుతోనే వస్తుంది. మళ్లీ మందు పట్టించాలా?

అక్కర్లేదు. హైబ్రిడ్ పత్తి గింజలకి ఫ్యాక్టరీలోనే ఆమ్లంతో నూగు తీసేసి, మందు, రంగు పట్టించి ప్యాకెట్ చేస్తారు. ఏ మందు వేశారో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. దాని మీద మళ్లీ అదే మందు వేస్తే డబ్బూ దండగ, మొలకకీ దెబ్బ. ఒక హెచ్చరిక: రంగు ఉన్నంత మాత్రాన మందు ఉన్నట్టు కాదు. రంగు ఎవరైనా వేయొచ్చు. లూజుగా అమ్మే రంగు గింజల్ని నమ్మకండి, లేబుల్ లేనిది కొనకండి.

పెద్ద ప్లాంట్లలో ఏ మెషిన్లు వాడతారు?

హైదరాబాద్ చుట్టుపక్కల, ముఖ్యంగా మేడ్చల్ వైపు విత్తన కంపెనీల ప్లాంట్లకి వెళితే మూడు రకాలు చూడొచ్చు. పాతకాలపు స్లర్రీ మెషిన్ తక్కెడ లాంటిది. ఒక పళ్లెంలో ఇన్ని కిలోల విత్తనం నిండగానే బరువుకి ఒరిగిపోతుంది. ఆ కదలికకే ఒక చిన్న గిన్నె మందు తీసుకెళ్లి పోస్తుంది. కింద మర గింజల్ని కలుపుతూ ముందుకి నెడుతుంది. ఇంత విత్తనానికి ఇంత మందు అన్న నియమాన్ని కరెంటు బుర్ర ఏదీ లేకుండా ఇనుముతోనే సాధించారు, నాకు ఆ మెషిన్ అంటే ముచ్చట.

రెండోది తుంపర పద్ధతి. గింజలు పల్చని తెరలా కిందికి జారుతుంటే, మధ్యలో జోరుగా తిరిగే పళ్లెం మీద మందు పడి పొగమంచులా చిమ్ముతుంది. మూడోది ఇప్పుడు ఎక్కువగా కనిపించే బ్యాచ్ మెషిన్. గుండ్రటి తొట్టిలో అడుగుభాగం తిరుగుతూ గింజల్ని గోడ వెంట పైకి సుడిలా లేపుతుంది, మధ్యలోని పళ్లెం మందు చిమ్ముతుంది, నిమిషం లోపే ఒక బ్యాచ్ బయటికొస్తుంది. మందుతో పాటు పాలిమర్ కూడా వేస్తారు. అది ఆరాక గింజకి నున్నటి పొరలా అతుక్కుని, మందు దుమ్ముగా రాలకుండా ఆపుతుంది.

మెషిన్ ఎంత ఖరీదైనదైనా పొద్దున్నే కొలత సరిచూడకపోతే పట్టతో సమానమే. నిమిషానికి ఎంత విత్తనం వస్తుందో సంచిలో పట్టి తూచాలి, నిమిషానికి ఎంత మందు వస్తుందో గ్లాసులో పట్టి కొలవాలి. నిమిషానికి 100 కిలోల విత్తనం, కిలోకి 10 మిల్లీలీటర్ల ద్రవం అయితే గ్లాసులో సరిగ్గా లీటరు ఉండాలి. లాట్ మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. గింజ సైజు మారితే జారే వేగం మారుతుంది.

శుద్ధి చేసి పెట్టుకున్నాక వాన వెనక్కి పోయింది. ఎన్ని రోజులు ఉంచొచ్చు?

అనంతపురంలో ఈ ప్రశ్నకి ఉన్నంత టెన్షన్ ఇంకే ప్రశ్నకీ ఉండదు. పొడి మందు మాత్రమే పట్టించిన గింజ పొడిగా, నీడలో, గాలాడే గోనెలో కొన్ని రోజులు ఆగుతుంది. ద్రవం పట్టించిన శెనక్కాయ పప్పు మర్నాటికల్లా నేలలో పడాలి. రైజోబియం వేసింది ఆ పూటే. కాబట్టి మబ్బు చూసి కలపకండి, పదును చూసి కలపండి. నేలలో జానెడు లోతు తడి దిగాక, ఆ రోజు ఎంత విత్తగలరో అంతే కలపాలి. మధ్యాహ్నం గొర్రు విరిగితే కలపనిది కలపనట్టే ఉండాలి. కలిపిన విత్తనాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, లోపల వేడికి ఉడికిపోతుంది.

మిగిలిన విత్తనాన్ని కడిగి తినడానికో, నూనెకో, కోళ్లకో వాడుకోవచ్చా?

వద్దు. ఎన్నిసార్లు కడిగినా వద్దు.

1971లో ఇరాక్‌లో కరువు వచ్చి, ప్రభుత్వం బయటి దేశాల నుంచి గోధుమ, బార్లీ విత్తనాలు తెప్పించి పల్లెల్లో పంచింది. వాటికి మిథైల్ పాదరసం మందు పట్టించి ఉంది. గుర్తుగా ఎర్ర రంగు వేశారు. సంచుల మీద హెచ్చరికలు అక్కడివాళ్లకి రాని భాషల్లో ఉన్నాయి. ఆకలితో ఉన్న జనం గింజల్ని కడిగారు, రంగు పోయింది, రంగుతో పాటు విషమూ పోయిందనుకుని రొట్టెలు చేసుకుని తిన్నారు. 6,530 మంది ఆసుపత్రుల పాలయ్యారు, వాళ్లలో 459 మంది చనిపోయారు. ఇవి ఆసుపత్రికి చేరినవాళ్ల లెక్కలే. పాదరసం మందులు మన దేశంలో కూడా ఉండేవి, చివరిదాన్ని 2018లో నిషేధించారు. ఇప్పటి మందులు అంత ఘోరమైనవి కాకపోవచ్చు, అయినా గింజ లోపలికి ఇంకిన మందు నీళ్లకి రాదు.

మిగిలితే పక్క రైతుకి, ఏ మందు వేశారో చెప్పి, విత్తనంగానే ఇవ్వండి. అదీ కుదరకపోతే బావికీ, చెరువుకీ దూరంగా లోతుగా పూడ్చండి. సాలు కొసల్లో, గొర్రు తిప్పే చోట పైన పడిన గింజల్ని కూడా మట్టితో కప్పాలి. నెమళ్లు, కోళ్లు ముందు ఏరుకునేది అవే.

చేతులకి ఏమైనా కట్టుకోవాలా?

రబ్బరు చేతి తొడుగులు, ముక్కుకి మాస్కు, నిండు చేతుల చొక్కా. డ్రమ్ము తిప్పేవాడికి ఎటూ చెబుతాం, వాడు వింటాడో లేదో వేరే సంగతి. అందరూ మర్చిపోయేది గొర్రు వెనక నడిచే అక్కలని. మందు పట్టిన గింజల్ని ఒడిలో పోసుకుని, వట్టి చేతులతో జడ్డిగంలోకి (గొర్రుకి ఉండే గింజలు పోసే గిన్నెలోకి) విడుస్తూ పొద్దుగూకేదాకా నడుస్తారు. మందు ఎక్కువగా తగిలేది వాళ్లకే. మధ్యలో అదే చేత్తో ఆకు, వక్క వేసుకుంటారు. తొడుగులు రెండు జతలు కొంటే ముందు వాళ్లకివ్వండి. ఒడిలోకి ప్లాస్టిక్ కవరు, సంగటి తినే ముందు సబ్బు, బిందెడు నీళ్లు. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా పని ఆపించి 108కి చేయండి, మందు డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి. డాక్టరు ముందు అడిగేది ఆ పేరే.

విత్తనానికి వేసే మందు తేనెటీగల్ని చంపుతుందంటున్నారు, నిజమా?

పూత సరిగా అంటకపోతే నిజమే. 2008లో జర్మనీలోని రైన్ లోయలో మొక్కజొన్న విత్తేటప్పుడు గింజల మీది క్లోథయానిడిన్ పొడిగా రాలింది. గాలితో పనిచేసే విత్తే యంత్రాలు ఆ దుమ్ముని పక్కనే పూసిన పంటల మీదికి చిమ్మాయి. వేల తేనెటీగల పట్టులు దెబ్బతిన్నాయి. యూరప్‌లో ఆ మందుతో పాటు ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్‌లని ఆరుబయట పొలాల్లో వాడకుండా 2018లో ఆపేశారు. మన గొర్రుకి గాలి ఫ్యాను లేదు కాబట్టి ఆ దుమ్ము సమస్య తక్కువ. అయినా సంచి అడుగున మిగిలిన రంగు పొడిని గట్టు మీద దులపకుండా సాల్లో వేసి కప్పేయండి.

బీజామృతం సరిపోతుందా?

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు 20 లీటర్ల నీళ్లలో 5 కిలోల ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి వేసి, రాత్రంతా ఉంచి 100 కిలోల విత్తనానికి వాడతారు. తెగులు అంతగా లేని నేలలో బాగానే మొలిచిన చేలు చూశాను. మొదలు కుళ్ళు ఏటా వచ్చే చేలో దీన్నొక్కదాన్నే నమ్ముకోమని మాత్రం చెప్పలేను. నీళ్ల నియమం దీనికీ వర్తిస్తుంది: శెనక్కాయ పప్పుని అందులో ముంచకండి, చిలకరించి దొర్లించి వెంటనే ఆరబెట్టండి.

పూత సమంగా పడిందని ఎలా తెలుసుకోవాలి?

రంగున్న మందైతే సులువు. కుప్పలో పైన, మధ్యన, అడుగున తీసి మొత్తం 100 గింజలు తెల్ల కాగితం మీద పరవండి. వెలిసినట్టున్నవి ఐదారు దాటితే మళ్లీ డ్రమ్ములో వేసి తిప్పండి, మందు మాత్రం అదనంగా వేయకండి. రంగు లేని పొడి అయితే నల్ల గుడ్డ మీద రుద్ది చూడండి. డ్రమ్ము గోడకి మందు దట్టంగా అంటుకుని ఉంటే అది గింజకి చేరనట్టే, నీళ్లు ఎక్కువయ్యాయో గింజలు తక్కువయ్యాయో చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా చేసినా మొలక రాలేదు. తప్పెక్కడ?

ముందు విత్తనాన్నే అనుమానించండి. చచ్చిన గింజకి మందు పూస్తే చచ్చిన గింజే. అందుకే మందు కలపడానికి వారం ముందు 100 గింజల్ని తడి గోనెలో చుట్టి పెట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. శెనక్కాయకి కనీసం 70, వరికి 80 మొలవాలి. ఇంకో 100 గింజలకి మందు పట్టించి పక్కనే ఇంకో గోనెలో పెట్టండి. రెండూ తక్కువ మొలిస్తే విత్తనం తప్పు. మందు పట్టించింది మాత్రమే తక్కువ మొలిస్తే మోతాదో, నీళ్లో, ఆరబెట్టడమో తప్పు. రెండు గోనెల్లోనూ బాగా మొలిచి చేలో మాత్రం రాకపోతే సాలు తవ్వి చూడండి: గింజ ఎంత లోతున పడింది, పదును అక్కడిదాకా ఉందా, మొలక నల్లబడి కుళ్ళిందా, చీమలు తిన్నాయా. తవ్వి తీసిన గింజని పారేయకుండా కాగితంలో చుట్టి తీసుకురండి. ఫోన్‌లో చెప్పే దానికన్నా ఆ గింజని చూస్తే సంగతి తెలుస్తుంది.